బిగించినోడు నడపొద్దు

వనపర్తి,
6 జులై 2024, శనివారం.

పెద్దనాయనకు,

అమూల్య రాస్తున్నాను. అమ్మ, తమ్ముడు సత్యం, నేను బాగున్నాం. ఈ జాబు కురుమయ్య చేతికి ఇస్తున్నాను. ఆయన బస్సు రోజు విడిచి రోజు అచ్చంపేట మీదుగా మన్ననూరు దాకా వస్తుంది. "ఫోన్ల కాలంల జాబులు మోసే డ్రైవర్ని నేనొక్కన్నే ఉన్న గావచ్చు" అని నవ్వాడు. నీకు చెవులు వినపడవు, నువ్వున్న చోట సిగ్నల్ లేదు, ఏం చేయాలి మరి అన్నాను. చెక్‌పోస్టు దగ్గర టీ కొట్టులో ఇచ్చి పోతాడట.

షెడ్డు నడుస్తున్నది. ఆరేండ్ల కింద నాయన పోయి, ఆ వెనకే నువ్వు అడవిలో జీపుల పనికి పోయినప్పుడు, ఆడపిల్ల షెడ్డేం నడుపుతుంది అన్నవాళ్లే ఇప్పుడు ట్రాక్టర్లు తెచ్చి నిలబెడుతున్నారు. మీ అన్నదమ్ముల పద్ధతినే పట్టుకున్నాం. బిగించినోడు నడపొద్దు. నేను బిగిస్తాను, సత్యం నడుపుతాడు. లోపల ఏం బిగించానో ముందు అద్దానికి లోపలి వైపు మూలన తడి చాక్‌పీసుతో రాస్తాను. వాడు అది చదివి ఎక్కుతాడు. బీచుపల్లి దాకా పోయి, ఆంజనేయునికి దండం పెట్టి వస్తాడు. బిగించిన వాళ్ల చెవికి తమ పని బాగున్నట్టే వినపడుతుందని నాయన అనేవాడు కదా. సత్యానికి నాయన చెవి వచ్చింది.

ఇప్పుడు నీ సలహా కావాలి. గద్వాల నుంచి రాఘవేందర్ అని ఒకాయన నీలం రంగు స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రెండే సీట్లు. ఇంజను ముందు, బలం వెనక చక్రాలకు. "మలుపుల గ్యాసు కొడితె లోపలి చక్రం ఊకె తిరుగుతది, బండి కదలదు. పైగా వెనక కూత" అన్నాడు. జాకీ మీద లేపి, గేరులో పెట్టి, ఒక చక్రం తిప్పితే రెండోది వెనక్కి తిరిగింది. మామూలు డిఫరెన్షియలే. విప్పి చూస్తే ఆ గేర్లను మూసి ఉంచే ఇనుప హౌజింగు పగిలి ఉంది. ఎట్లాగూ విప్పాం కనుక, ఇంకా మంచి రకం వేయమంటున్నాడు. పాలిటెక్నిక్‌లో బోర్డు మీద చూసిందే తప్ప నేను చేతితో వేసింది లేదు. ఏది వేయాలి?

అమ్మ మామిడి తొక్కు పంపింది. "వండుకొని తింటుండో, ఊకె చాయ తాగి పంటుండో అడుగు" అన్నది. అడిగాను.

అమూల్య


మన్ననూరు,
10 జులై 2024.

బిడ్డ అమూల్యకు,

మద్దిలేటి పెద్దనాయన దీవెనలు. నీ జాబు ముట్టింది, తొక్కు సగం అయిపోయింది. చూపుడు వేలు లేని కుడిచేయి పెన్ను పట్టదు కాబట్టి ఎడమ చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు వెనక్కి ఒరిగి ఉంటాయి. మీ నాయన నా రాతను పడుకున్న రాత అనేవాడు. ఓపిక చేసి చదువు.

వానకాలం మూడు నెలలు అడవి మూసి ఉంటుంది. చూడడానికి వచ్చేవాళ్లు లేరు. ఐదు జీపులను ఇటుకల మీద లేపి పెట్టాను. నేను, వాచర్ బాలకృష్ణ, అంతే. చెంచుల పిల్లవాడు, పది దాకా చదివాడు. నాతో ఏమన్నా చెప్పాలంటే జీపు అద్దం మీద చాక్‌పీసుతో రాస్తాడు. "అన్నం ఉడికింది" అని రాస్తాడు. "ఎలుగు వచ్చిపోయింది" అని కూడా అట్లాగే రాస్తాడు.

నీకు తెలిసిందే మొదటి నుంచి చెబుతాను, నాకు వేరే పని లేదు. చేను చివర గుంటక మలిపేటప్పుడు లోపలి ఎద్దు నిలబడినట్టే ఉంటుంది, బయటి ఎద్దు నాలుగడుగులు ఎక్కువ వేస్తుంది. కారు వెనక చక్రాలూ అంతే. ఆ ఎక్కువ తక్కువలను పంచడానికే నడుమ స్టార్ గేర్లు. మామూలు దానిలో లోపమేమిటంటే, ఏ చక్రం కింద పట్టు లేదో బలమంతా దానికే పోతుంది. స్పోర్ట్స్ కారు జోరుగా మలుపు తిరిగితే లోపలి చక్రం తేలికవుతుంది. మీ గద్వాల ఆయన చెప్పింది అదే.

ప్లేట్ల రకం ఒకటి ఉంది. రెండు పక్కలా ప్లేట్ల దొంతరలు ఉంటాయి, గ్యాసు కొట్టినకొద్దీ అవి బిగిసి రెండు చక్రాలను కలిపి పట్టుకుంటాయి. పోటీలకు నడిపేవాళ్లు దాన్నే మెచ్చుకుంటారు. కానీ అరుగుతుంది, దాని నూనె వేరు, అప్పుడప్పుడు విప్పి చూడాలి. ఇంకొక రకంలో ప్లేట్లే ఉండవు. ఏటవాలు పళ్ల గేర్లు ఒకదాన్నొకటి ఒత్తుకొని, పట్టున్న చక్రానికి బలం పంపుతాయి. మెత్తని పని, అరుగుడు తక్కువ. చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే మాత్రం దానికీ చేతకాదు. ఇక కంప్యూటరుతో నడిచేది. అది కంపెనీ నుంచి రావలసిందే, మన షెడ్డులో కాదు. నన్నడిగితే ఏటవాలు గేర్లది వేయి. రోడ్డు మీద తిరిగే బండికి అది చాలు. ఎవరి ప్రాణం మీదికీ రాదు.

ఒక సంగతి, అమ్మకు చెప్పకు. నిన్న మంగళవారం పొద్దున పదకొండింటికి నాకొక చప్పుడు వినపడింది. ఆరేండ్లలో పిడుగు పడినా వినపడలేదు. ఇది సన్నగా, డిఫరెన్షియల్ లోపలి పెద్ద క్రౌన్ గేరు నూనె లేకుండా తిరిగినట్టు. జీపులన్నీ ఇటుకల మీదే ఉన్నాయి. బాలకృష్ణను అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఎంతో సేపు లేదు, బీడీ కాల్చినంత సేపు.

మద్దిలేటి


వనపర్తి,
11 జులై 2024.

పెద్దనాయనకు,

నీ జాబు ఇంకా అందలేదు. ఈలోపు ఒకటి జరిగింది, అందుకని మళ్లీ రాస్తున్నాను.

రాఘవేందర్ కారుకు హౌజింగు ఎక్కడా దొరకలేదు. హైదరాబాదులో అడిగితే లేదన్నారు. చివరికి గద్వాలలో వెంకటన్న స్క్రాపు దుకాణంలో దొరికింది. అదే కంపెనీ, అదే మోడలు. గోడకు ఆనించి ఉంది.

"ఏం బిడ్డా, గిది ఏ బండిదో ఎరుకనా?" అన్నాడు.

తెలియదన్నాను.

"మీ నాయన పోయిన ఎర్ర కారుది. పోలీసోళ్లు ఇడిసినంక ఇంజను ఒకడు కొనుకపోయిండు, తలుపులు ఒకడు. దీన్ని ఎవ్వడు ముట్టలె. ఆరేండ్లయె."

"ఇనుమే గద మామా."

"ఇనుమే. గని నేను గోడ దిక్కు తిప్పి పెడితె, పొద్దుగాల రోడ్డు దిక్కు తిరిగి ఉంటది. కూలోళ్లను అడిగిన. మేం ముట్టలేదంటరు."

దాన్ని ఆటో ఎక్కించుకొని వచ్చాను. మంగళవారం పదకొండు గంటలప్పుడు బల్ల మీద పెట్టి, చేత్తో ఒకసారి తిప్పాను. ఎండి ఉంది, సన్నగా కూసింది. వెనక మూత విప్పి చూశాను.

పెద్దనాయనా, లోపల స్టార్ గేర్లన్నింటినీ కలిపి వెల్డింగు చేశారు. రెండు చక్రాలకు తేడా లేకుండా ఒక్క కడ్డీ చేశారు. మంచి చేయి ఉన్నవాడు చేసిన పని. చీమల బారు పోయినట్టు ఉంది అతుకు. ట్రయలుకు పోయిన నాయన బీచుపల్లి మలుపులో వానకు జారిపోయాడని పోలీసులు రాశారు. జారలేదు. తడి రోడ్డు మీద ఆ కారు తిరగమన్నా తిరగదు. సీదా పోతుంది. ఆ కారు ఆసామి మన దగ్గరికి తెచ్చే ముందే ఎక్కడో చేయించి ఉంటాడు, నాయనకు చెప్పి ఉండడు. ఎవడు అతికాడో వాడు నాయనను చంపినట్టే. వాడి పేరు నీకేమన్నా తెలుసా? ఆ రోజు షెడ్డులో ఉన్నది నువ్వే కదా.

అమ్మకు చెప్పలేదు. సత్యానికి చెప్పాను. వాడు అతుకు మీద వేలు పెట్టి చూశాడు. "ఇనుముకేం తెల్సు అక్కా. కోసి పారేసి మంచిది ఎయ్యి. నాయన బండి మళ్ల రోడ్డు ఎక్కుతది" అన్నాడు. నాకూ అదే సరి అనిపించింది. రాఘవేందర్ అప్పుడే ప్లేట్ల సెట్టు తెప్పించాడు. అది దీనిలో వేస్తున్నాను.

అమూల్య


మన్ననూరు,
15 జులై 2024.

అమూల్యకు,

రెండో జాబు చదివాను. ఆ హౌజింగు వాడకు. బీచుపల్లి దగ్గర వంతెన మీది నుంచి కృష్ణలో పారేయి. గద్వాల ఆయనకు నేను ఇంకొకటి వెతికిస్తాను, రెండు నెలలు ఆగమను.

సత్యాన్ని దాని దగ్గరికి పోనీయకు.

మంగళవారం పదకొండింటికి తిప్పానని రాశావు. నా మొదటి జాబు ఈపాటికి అంది ఉంటుంది, అందులో చూడు. మొన్న శనివారం సాయంత్రం నాలుగు గంటలప్పుడు మళ్లీ వినపడింది. ఈసారి నూనె ఉంది, కానీ ఏదో చిక్కగా, జిగటగా. ఆ సమయాన నువ్వేం చేస్తున్నావో రాయి.

మద్దిలేటి


వనపర్తి,
19 జులై 2024.

పెద్దనాయనకు,

నీ రెండు జాబులూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

శనివారం నాలుగింటికి నేను క్రౌన్ గేరు పళ్లకు రంగు పూసి, గ్రీజు కలిపి, పినియన్‌తో తిప్పి పళ్లు ఎట్లా కలుస్తున్నాయో అచ్చు చూస్తున్నాను. సత్యం కూడా అప్పుడు షెడ్డులో లేడు. నీకెవరు చెప్పారు? కురుమయ్యను నిలబెట్టి అడిగాను. "నాకు స్టీరింగు తప్ప ఏం తెల్వదు బిడ్డా. ఆయన రాసింది నీకిస్త, నువ్వు రాసింది ఆయనకిస్త, నడుమ నన్ను దొంగను జేస్తున్నరు" అన్నాడు. కోపం వచ్చింది ఆయనకు. సత్యమేమో "పెద్దనాయనకు చెవులు మంచిగైనయేమో, మనకే చెప్తలేడు" అంటున్నాడు.

పారేయమని రాశావు, ఎందుకో రాయలేదు. నీకు నా చేతి మీద నమ్మకం లేదని అర్థమైంది. నాయన ఉంటే పక్కన నిలబడి చూసేవాడు, పారేయమనేవాడు కాదు. పైగా నువ్వు రకాలన్నీ చెప్పావు గానీ వెల్డింగు చేసి లాక్ చేసేదాన్ని చెప్పలేదు. నేనడిగిన మనిషి పేరూ చెప్పలేదు. ఆ ఆసామికి నువ్వు మాట ఇచ్చావా ఏమిటి? నాయన పోయిన సంగతి కదా. మాకు తెలియకుండా ఇంకెవరి కోసం దాస్తున్నావు?

అతికిన గేర్లు తీసేశాను. ప్లేట్లను గ్యాసునూనెలో కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టాను. దుమ్ము రేణువు లేదు. "ఆట లేకుండ బిగియ్యాలె, సందు ఉంటె గేరు ఊగుతది" అని మీరిద్దరూ నేర్పిందే. కొంచెం సందు కనపడితే ఒక మందం వాషరు వేసి ఆ సందునూ మూసేశాను. నూనె నాయన పోసే చిక్కటిదే పోశాను. ఇప్పుడు ఒక చక్రం కింద ఆనించి, రెండోది రాడ్డు పెట్టి లాగినా కదలడం లేదు. అంత గట్టిగా వచ్చింది.

ఇంకొకటి, నవ్వకు. కారు జాకీల మీదే ఉంది. బుధవారం సాయంత్రం రెండు టైర్లకూ పైభాగాన చాక్‌పీసుతో గీత పెట్టాను. పొద్దున షెటరు తీసి చూస్తే రెండు గీతలూ పక్కకు దిగి ఉన్నాయి. రెండూ ఒకే వైపు, ఒకే కొలత. తాళం చెవి నా దగ్గరే ఉంది. గేరు వదిలేసి ఉంటే గాలికి తిరిగిందేమో అనుకున్నాను. గేరులోనే ఉంది.

28 ఆదివారం పొద్దున సత్యం ట్రయలుకు తీసుకుపోతాడు. ఎప్పటిలాగే బీచుపల్లి. ఆ మలుపు దగ్గర ఆగి నాయనకు అగర్‌బత్తి వెలిగిస్తానన్నాడు.

అమూల్య


మన్ననూరు,
27 జులై 2024, శనివారం సాయంత్రం.

అమూల్యకు,

నీ జాబు ఈరోజు మధ్యాహ్నం అందింది. నాలుగు రోజుల కింద కురుమయ్య టీ కొట్టులో ఇచ్చిపోతే తడవకుండా డబ్బా కింద పెట్టి మరిచారట. వాగు పొంగి నిన్నటి నుంచి అచ్చంపేట బస్సు లేదు. చెక్‌పోస్టు దాకా పోయాను. ఒక లారీవాణ్ణి అడిగితే వాగు దాటనని చేయి ఊపాడు. ఫోను చేయిద్దామని బాలకృష్ణను పంపాను, గుట్ట ఎక్కి వచ్చాడు, సిగ్నల్ లేదట, వానలకు టవరు పోయింది. రేపు పొద్దున సత్యం బండి తీస్తాడు. ఈ జాబు అంతలోపు రాదని తెలుసు. అయినా రాస్తున్నాను.

ముందు పని మాట. ప్లేట్ల దానిలో కొంచెం జారుడు ఉండాలి. జారాల్సినంత జారితేనే అది పనిచేసినట్టు. ఆట తీసేయమని మేం నేర్పింది మామూలు దానికి, దీనికి కాదు. ప్లేట్లు ఎండబెట్టకూడదు. బిగించే ముందు దాని నూనెలో ఒక రోజు నానబెట్టాలి. ఎండిన ప్లేట్లు, మందం వాషరు, చిక్కటి నూనె, మూడూ కలిస్తే వెల్డింగు చేసినట్టే. నువ్వు అద్దం మీద ప్లేట్లది అని రాస్తావు, లోపల ఉన్నది లాక్.

రెండో మాట. అతికింది నేను.

ఎర్ర కారు ఆసామి వెనక చక్రాలను జారించి బండి తోక తిప్పి ఆడుకుంటానన్నాడు, లాక్ చేయమన్నాడు. మీ నాయన కొత్తకోటకు పోయి ఉండగా ఒక్క పూటలో అతికాను. మీ నాయనకు ఒక గర్వం ఉండేది. "అద్దం చూడకుండ చెవితోని చెప్త, లోపల ఏమున్నదో" అనేవాడు. నలుగురిలో అనేవాడు. ఎన్నో సార్లు చెప్పాడు కూడా. నాకు అది కుళ్లుగా ఉండేది. ఆ రోజు అద్దం మీద నేనేమీ రాయలేదు. చెప్పు చూద్దాం అనుకున్నాను.

పొడి రోడ్డయితే గేటు దాటగానే వాడికి తెలిసేది. లాక్ చేసిన బండి తిరిగేటప్పుడు టైరు మొత్తుకుంటుంది. వాడు ఎక్కేసరికి తుంపర మొదలైంది. తడి రోడ్డు మీద టైరు చప్పుడు చేయదు. అది నాకు తెలుసు. చాక్‌పీసు నా చేతిలోనే ఉంది. "అన్నా, ఎల్తున్న" అన్నాడు. నేను విన్న చివరి మాటల్లో అది ఒకటి. తొమ్మిదో రోజుకు చెవులు పోయాయి. దవాఖానలో నరం అన్నారు. పని చప్పుళ్ల వల్ల అన్నారు.

ఇవాళ పొద్దటి నుంచి ఆ కూత ఆగలేదు. నువ్వు తిప్పుతున్నావో లేదో నాకు తెలియదు. ఇప్పుడు ఐదున్నర. పోయి ఒకటో జీపులో కూర్చున్నాను. అద్దానికి లోపల, మూలన, ఆ రోజు రాయవలసింది రాశాను. లాక్ అని. ఆరేండ్లు ఆలస్యంగా. చెయ్యి తీసేసరికి కూత ఆగిపోయింది. మళ్లీ ఏమీ వినపడటం లేదు. వాన పడుతున్నది, కనపడుతున్నది అంతే.

మద్దిలేటి


వనపర్తి,
28 జులై 2024, ఆదివారం మధ్యాహ్నం.

పెద్దనాయనకు,

సత్యం బాగున్నాడు. ముందు అది రాశాను.

నువ్వు ఎప్పుడొచ్చావు, ఎప్పుడు పోయావు? వచ్చి ఇంటికి రాకుండా పోయినందుకు అమ్మ బాధపడుతున్నది. "తిని పోతె ఏమైతుండె" అంటున్నది.

నిన్న ఐదింటికి నేను అద్దం మీద ప్లేట్లది అని రాసి, కారుకు తాళం వేసి, షెటరుకు తాళం వేసి ఇంటికి వచ్చాను. పొద్దున నేను టిఫిను డబ్బా కడుగుతుంటే సత్యం షెడ్డు తీశాడు. కారు ఎక్కి, దిగి వచ్చాడు.

"ఏందక్కా, రెండు రాసినవ్?"

"ఏం రెండు?"

"కింద ప్లేట్లది అని, మీద లాక్ అని. ఏది నమ్మాలె?"

పోయి చూశాను. నా అక్షరాల మీద పెద్దగా ఉంది. వెనక్కి ఒరిగిన రాత. పడుకున్న రాత. ప్రపంచంలో అట్లా రాసేది ఒక్కరే. సత్యం నవ్వుతూ "పెద్దనాయన పరీక్ష పెట్టిపోయిండు. సరే, పెద్దోడు రాసింది పట్టుకుందం" అన్నాడు. తుంపర పడుతున్నది. వద్దన్నాను. "లాక్ అనుకొనే తోల్త, ఎడ్లబండి లెక్క" అని పోయాడు. నేను మోటారుసైకిల్ మీద వెనకే పోయాను.

హైవే మీద సీదాగా ఏమీ తెలియలేదు. హైవే దిగి గుడి వైపు తిరిగే మలుపు దగ్గర చూశాను. ముందు చక్రాలు మళ్లాయి, కారు మళ్లలేదు. వెనక రెండు చక్రాలూ కలిసి దాన్ని సీదాగా నది వైపు తోసుకొని పోయాయి. ముప్పై వేగం మీదే ఉన్నాడు కాబట్టి కంకరలో ఆగింది. నాయన కారు రోడ్డు దిగిపోయిన చోటికి ఇరవై అడుగులు ఉంటుంది. సత్యం దిగి, అగర్‌బత్తి వెలిగించడానికి అగ్గిపుల్ల గీయబోయాడు. మూడు పుల్లలు విరిగాయి. నాలుగోదానికి అంటుకుంది.

లారీ మీద ఎక్కించి తెచ్చి ఇప్పుడే విప్పాను. ప్లేట్లన్నీ నీలంగా మాడి ఒకదానికొకటి పట్టుకొని ఉన్నాయి. సుత్తె వేస్తే గానీ విడలేదు. నువ్వు రాసిందే నిజం. విప్పకుండా నీకెట్లా తెలిసింది? తాళం ఎట్లా తీశావు? జాబు రాయి. నేను పోయిన జాబులో గట్టిగా రాశాను. మనసులో పెట్టుకోకు.

అమూల్య


వనపర్తి,
4 ఆగస్టు 2024.

పెద్దనాయనకు,

27 నాటి నీ జాబు మంగళవారం ముట్టింది. కురుమయ్య చేతిలో పెట్టి, "గీ బస్సు వాగు దాటింది నిన్ననే బిడ్డా. గీ జాబుగాని, మనిషిగాని అంతకు ముందు రాలె. దేవుని మీద ఒట్టు" అన్నాడు. నేను అడగకముందే అన్నాడు. పోయినసారి అడిగింది గుర్తుంది ఆయనకు. ఐదున్నరకు నువ్వు జీపులో ఉన్నట్టు బాలకృష్ణ కూడా కవరు వెనక రాశాడు. నువ్వు చెప్తే రాశాడో, తానే రాశాడో తెలియదు.

జాబు రెండుసార్లు చదివాను. తర్వాత అమ్మకు చదివి వినిపించాను. దాచడం మన ఇంట్లో ఇక చాలు అనిపించింది. అమ్మ లేచి పోయి బియ్యం కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. సాయంత్రం మాత్రం ఒక్కటి అడిగింది. "చాక్‌పీసు చేతుల ఉండెనట గద?" ఉండెనట అన్నాను. సత్యం ఇంకా చదవలేదు. వాడి సంచిలో పెట్టాను. చదివినప్పుడు చదువుతాడు.

నేను నిన్ను ఏమీ అనలేను. ఎవడు అతికాడో వాడు చంపినట్టే అని నీకే రాశాను, అది వెనక్కి తీసుకోవడం లేదు. నేను కూడా ఆట లేకుండా బిగించి, అద్దం మీద తప్పు రాసి, తమ్ముణ్ణి ఎక్కించాను. అది కూడా లెక్కలో ఉంచుకున్నాను.

ప్లేట్లు కొత్తవి వచ్చాయి. నువ్వు చెప్పినట్టు దాని నూనెలోనే ఒక రోజు నానబెట్టాను. మందం వాషరు తీసేశాను. ఇప్పుడు రాడ్డుతో లాగితే బరువుగా, కానీ జారుతున్నది. గేరులో పెట్టి టైర్లకు గీతలు పెట్టాను. నాలుగు రోజులైంది, కదలలేదు.

అద్దం మీది మాట ఒక్కటే పోవడం లేదు. నీళ్లతో తుడిచాను, గ్యాసునూనెతో తుడిచాను. తుడిస్తే పోతుంది. ఊపిరి తగిలితే, వాన వచ్చి లోపల మసక పడితే, మళ్లీ లేస్తుంది. నాది పోయింది, నీది ఉంది.

ట్రయలు మిగిలింది. బిగించింది నేను కాబట్టి నేను నడపకూడదు. సత్యాన్ని ఎక్కించను. ఇక ఉన్నది నువ్వే. కురుమయ్య బస్సు గురువారం ఉంది. వచ్చి నీ రాత నువ్వే తుడువు. లోపల ఏముందో నేను దాని పక్కన రాసి ఉంచుతాను. చదివి ఎక్కు.

అమూల్య